ముద్దయ్యే బియ్యం కావాలన్న శాంతి

2023 డిసెంబరు. కల్లూరు మెయిన్‌రోడ్డు మీద మా బియ్యం దుకాణం. మావారు పొలం చూసుకుంటారు, దుకాణం ఇరవై ఏళ్లుగా నా చేతి మీదే నడుస్తోంది. వానాకాలం పంట మిల్లుల నుంచి దిగే రోజులవి. మా వ్యాపారంలో ఆ నెలంతా ఒకటే గొడవ. కొత్త బియ్యం ఎసట్లో పడగానే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆర్నెల్లో ఏడాదో నిలవ ఉంటేనే అన్నం పొడిపొడిగా వస్తుంది. అందుకే పాత బియ్యం కోసం అందరూ అడుగుతారు, కొత్తవి అంటగడితే బస్తా వెనక్కి తెస్తారు.

అలాంటి నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం శాంతి వచ్చింది. సత్తుపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానాలో స్టాఫ్ నర్సు, మా పాత ఖాతాదారు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఇంకా యూనిఫాంలోనే ఉంది.

"అక్కా, ముద్దయ్యే బియ్యం ఉన్నయా?"

నాకు నవ్వొచ్చింది. "ఏమ్మా, పొద్దున్నుంచి ముద్దవుతున్నాయని తిట్టేవాళ్లే వచ్చారు. నువ్వేంటి, అవే కావాలంటున్నావు?"

ఆమె నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

వాళ్ల మామ దేవదానం గారికి రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. సాగర్ కాలువ కింద మూడెకరాల్లో నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. చెయ్యి, కాలు కొంచెం కొంచెంగా దారికి వస్తున్నాయి కానీ మింగడం రావడం లేదు. దీన్ని డాక్టర్లు డిస్ఫేజియా అంటారు. గొంతు కండరాలు సరిగా పనిచెయ్యక, తిన్నది ఊపిరితిత్తుల వైపు జారే ప్రమాదం. నీళ్లలా పల్చగా ఉన్నది ఇవ్వకూడదు. పొడి అన్నం మెతుకులు నోట్లో చెదిరిపోతాయి, అదీ కూడదు. మెత్తగా, తడిగా, మొత్తం ఒక్క ముద్దగా ఉండాలి, అలాగని బంకలా అంటుకోకూడదు. ఖమ్మంలో మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్టు చెప్పిన లెక్క ఇది.

"మిక్సీల వేసి ఇస్తలేరా?" అని పక్కనే బియ్యం తూకం వేయించుకుంటున్న ఆవిడ అడిగింది.

"ఇచ్చినం. చిక్కటి జావ ఇచ్చినం, అన్నం మెత్తగ రుబ్బి ఇచ్చినం. నేనేమన్న పసిపోరణ్ణా అని మొకం గోడ దిక్కు తిప్పుకుంటుండు. పది రోజులాయె, సరిగ్గ తినక. శనివారం చెకప్ ఉంది. అప్పటికి తినకపోతే రైల్స్ ట్యూబ్ వేస్తమన్నరు అక్కా."

రైల్స్ ట్యూబ్ అంటే ముక్కులోంచి పొట్టలోకి వేసే సన్నటి గొట్టం. దాని గుండానే ద్రవాహారం పోస్తారు. రోజుకు ఎంతోమందికి ఆ గొట్టం వేసే చెయ్యి శాంతిది. ఇంట్లో మనిషికి అనేసరికి వేరు.

ఆమె మనసులో ఒక వంటకం ఉంది. నర్సింగ్ చదివేటప్పుడు మిషన్ హాస్టల్లో ఇటలీ నుంచి వచ్చిన పెద్ద సిస్టర్ ఒకావిడ ఆదివారాలు రిసోటో వండేదట. బియ్యాన్ని వెన్నలో వేయించి, ఎముకలు ఉడికించిన వేడి వేడి రసం గరిటె గరిటెగా పోస్తూ కలుపుతూనే ఉండాలి. మెతుకు మెతుకుగానే ఉంటుంది, కానీ చుట్టూ మీగడలాంటి చిక్కదనం పట్టుకుని ఉంటుంది. దానికి వాడే ఇటలీ బియ్యం ఆన్‌లైన్లో వారానికి గానీ రావట. మనకున్నది నాలుగు రోజులు.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్ల వ్యాపారంలో బియ్యాన్ని ఇంత కచ్చితంగా అడిగినవాళ్లు లేరు. సన్నవా, దొడ్డువా, పాతవా అన్న మూడు ప్రశ్నలతోనే బతుకు గడిచింది.

బియ్యంలో పిండి రెండు రకాలని ఒక మిల్లు యజమాని నాకు ఎప్పుడో చెప్పాడు. అమైలోజ్ ఎక్కువుంటే అన్నం విడివిడిగా నిలబడుతుంది. అమైలోపెక్టిన్ ఎక్కువుంటే జిగురు వదులుతుంది. శాంతికి రెండోది కావాలి, కానీ హద్దులో. ప్రతి కొత్త లాట్ నుంచి గుప్పెడు శాంపిల్ వండి చూడటం నాకు అలవాటు, అందుకే దుకాణం వెనక గదిలో గ్యాస్ పొయ్యి ఎప్పుడూ ఉంటుంది. "లోపలికి రా," అన్నాను.

మొదట ఏడాది పాత సాంబ మసూరి. శాంతి ఇరవై నిమిషాలు కలిపింది. మెతుకులు ఒక పక్క, నీళ్లు ఒక పక్క. నేను గర్వంగా అమ్ముకునే బియ్యం అక్కడ సున్నా.

తర్వాత కొత్త సాంబ మసూరి. చూడటానికి భలే వచ్చింది. నేను సంబరపడిపోయాను. శాంతి మాత్రం ఒక చెంచాడు తీసి పక్కకు వంచింది. ఇది థెరపిస్టు నేర్పిన పరీక్ష, స్పూన్ టిల్ట్ టెస్ట్. చెంచా వంచితే ముద్ద మొత్తం ఒక్కసారిగా జారాలి, చెంచాకు దాదాపు ఏమీ మిగలకూడదు. మాది జారలేదు. ఆమె విదిలించినా జారలేదు.

"దీంతోని పోస్టర్లు అంటియ్యొచ్చు అక్కా," అంది. వచ్చినప్పటి నుంచి అదే మొదటి నవ్వు.

మూడోది దొడ్డు బియ్యం. పలుకు గట్టిగా, చల్లారితే మరీ బిరుసుగా. అదీ పోయింది.

"ఆ ఇటలీ బియ్యం చూడటానికి ఎలా ఉంటాయి?" అని అడిగాను. ముందే అడగాల్సిన మాట.

"పొట్టిగ, గుండ్రంగ ఉంటయి."

పొట్టిగా, గుండ్రంగా! నేను లేచి మూల బస్తా విప్పాను. చిట్టి ముత్యాలు. పులావు వండే కేటరింగ్ వాళ్ల కోసం తెప్పించే చిన్న గింజ, వాసన గల బియ్యం. వండాం. ఈసారి మెతుకు చెదరలేదు, చిక్కదనం కూడా కొంత వచ్చింది. చెంచా వంచితే సగం జారింది, సగం మెతుకులు విడిపోయి రాలాయి. నా బస్తా రెండేళ్ల పాతది మరి.

"ఇవే కొత్తయి దొరికితే?" అంది శాంతి.

ఎంతమందికి ఫోన్ చేశానో లెక్కలేదు. మిల్లుల్లో లేవు. ఆ రకం ఇప్పుడు పండించేదే తక్కువ. చివరికి పెనుబల్లి దగ్గర ఒక రైతు, ఇంటి తిండికని పావెకరం వేశాడని తెలిసింది. బుధవారం పొద్దున్నే స్కూటీ తీశాను. ఆయన వారం కింద పట్టించిన బియ్యం రెండు కిలోలు సంచిలో పోసి, "గీ రెండు కిలోలకు ఇంత దూరం వచ్చినవా అమ్మా?" అని ఆశ్చర్యపోయాడు. సంగతి చెబితే ఇంకో కిలో కలిపాడు.

ఆ మధ్యాహ్నం శాంతి వాళ్లింట్లో వండాం. బియ్యం కడగలేదు. జల్లెడ పట్టి, రాళ్లు ఏరి అలాగే వేశాం. కడిగితే పైన ఉన్న పిండి నీళ్లలో పోతుంది, మనకు కావాల్సింది అదే. సన్నగా తరిగిన ఉల్లిపాయ వెన్నలో మగ్గింది. బియ్యం పడింది. పక్క పొయ్యి మీద నాటుకోడి ఎముకల రసం మరుగుతోంది. ఒక గరిటె పొయ్యడం, అది ఇంకే దాకా తిప్పడం, మళ్లీ ఒక గరిటె. ఇటలీలో గింజ మధ్యలో కొంచెం పలుకు ఉంచుతారట. మేం ఉంచలేదు, పూర్తిగా ఉడకనిచ్చాం. వాళ్లు కలిపే చీజ్‌కు బదులు గేదెపాల మీగడ. చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం.

పదిహేను నిమిషాలు దాటాక గిన్నెలో రంగు మారింది. రసం రసంలా లేదు, మెరుస్తోంది. శాంతి చెంచా ముంచింది, తీసింది, వంచింది.

ముద్ద నెమ్మదిగా కదిలింది. టప్పున ప్లేటులో పడింది. ఒక్క ముద్ద! చెంచా దాదాపు శుభ్రం!

నేను గట్టిగా అరిచానట. నాకు తెలియలేదు, పక్కింటివాళ్లు వచ్చి అడిగితే తెలిసింది. శాంతి వెంటనే థెరపిస్టుకు వీడియో కాల్ చేసి మళ్లీ వంచి చూపించింది. వేలితో ఒత్తి చూపించింది. ఆవిడ రెండు మూడు ప్రశ్నలడిగి, "ఇది ఇవ్వచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో," అంది.

ఇక అసలు పరీక్ష. దేవదానం గారు గోడవైపు తిరిగి ఉన్నారు. గిన్నె చప్పుడు విని కళ్లు మూసుకున్నారు.

"మామా, ఒక్క చెంచా," అంది శాంతి. ఆయన కళ్లు తెరవలేదు.

నాకు ఏమనిపించిందో, సంచిలోంచి గుప్పెడు బియ్యం తీసి ఆయన బాగున్న చేతిలో పోశాను. "పెద్దాయనా, తినొద్దులెండి. ఇవేం బియ్యమో చెప్పండి చాలు."

వేళ్లు కదిలాయి. బొటనవేలితో గింజల్ని రుద్దారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. కళ్లు తెరిచారు.

"చిట్టి... ముత్యాలు." మాట ముద్దగా వచ్చింది, కానీ వచ్చింది. "కొత్తయి. ఎవల... పొలం?"

"పెనుబల్లి దగ్గర."

"గా నేలల... మంచిగొస్తయి," అని ఇటు తిరిగారు. గిన్నె వైపు చూశారు. "గిదేంది మరి?"

"నీ చేతిల ఉన్న బియ్యమే మామా. రుబ్బలేదు. మెతుకు చూడు," అని శాంతి గిన్నె దగ్గర పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు. గింజ గింజగా కనిపిస్తోంది. రుబ్బిన పేస్టు కాదు, అన్నం.

దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. గడ్డం కొంచెం కిందికి వంచమంది. అర చెంచా. గొంతు కదిలింది. దగ్గు రాలేదు. శాంతి ఆగి, ఆయన చేత "ఆ" అనిపించి, గొంతు గరగరలాడటం లేదని చూసుకుని రెండో అర చెంచా పెట్టింది. అలా పదకొండు. పన్నెండోదానికి ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏమాయె మామా?"

"ఉప్పు... తక్కువైంది."

శాంతి గిన్నె పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నాకూ ఆగలేదు. ఆయన మాత్రం మేమెందుకు ఇలా చేస్తున్నామో అర్థం కాక, ఉప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

శనివారం చెకప్‌లో గొట్టం మాట వాయిదా పడింది. తర్వాతి నెలలో ఆ మాటే పోయింది. మార్చి కల్లా మామూలు మెత్తటి అన్నానికి వచ్చారు. నేను పెనుబల్లి రైతు దగ్గర మిగిలిన కొత్త బియ్యం మొత్తం తెచ్చి, తేమ పోకుండా డబ్బాల్లో పెట్టి, ఆ ఇంటికి వారం వారం పంపాను.

బియ్యానికి మంచి, చెడ్డ అని రెండే తరగతులుంటాయని ఇరవై ఏళ్లు నమ్మాను. పాతవి మంచివి, కొత్తవి చెడ్డవి. శాంతి వచ్చాక తెలిసింది, గింజకు ఒక గుణం ఉంటుందంతే. అది ఎవరి కంచానికి సరిపోతుందో కనిపెట్టడమే దుకాణదారు పని. ఇప్పుడు ఎవరొచ్చినా ధర కంటే ముందు ఒక మాట అడుగుతాను: "ఇంట్లో తినేదెవరమ్మా?" కొందరు వింతగా చూస్తారు. చాలామంది మాత్రం ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చుని చెబుతారు.