పెనుకొండ సొరంగంలో అరవై అడుగులు

ఎనిమిదేళ్ల వయసులో, రొద్దంలో మా అవ్వ వాళ్లింట్లో ధాన్యం పాతరలో పడిపోయి, సాయంత్రం దాకా ఎవరికీ కనబడలేదు. అప్పటినుంచి మూసుకున్న చోటంటే నాకు ఊపిరాడదు. హిందూపురంలో మా బట్టల కొట్టు గోదాములోకి కూడా నేను వెళ్లను. కుటుంబంతో పెనుకొండకు ఎన్నిసార్లు వచ్చినా, అందరూ కోట సొరంగంలో దూరితే బయట సంచులకు కాపలా నేనే. మొన్న యాభై నిండాయి. ఈసారి ఒక్కదాన్నే బయలుదేరాను.

ఉదయం ఏడింటి బస్సెక్కితే గంట ప్రయాణం. ఒకప్పుడు రాజ్యాల సరిహద్దు కాచిన ఊరు కదా, కొండ మీది బురుజులు దూరం నుంచే కనిపిస్తాయి. పాత చర్చి, కోట చూపించి తిరిగి బస్టాండులో దింపడానికి ఆటో నాగన్న నాలుగు వందలు అడిగాడు. ముందు చర్చికి వెళ్లాం. చల్లని రాతి గోడలు, అరిగిన చెక్క బల్లలు. నిజం చెప్పాలంటే, అక్కడ ముప్పావు గంట కూర్చున్నది సొరంగాన్ని వాయిదా వేయడానికే. చివరికి నాగన్నే వచ్చి లేపాడు.

"అక్కా, ఎండెక్కుతాండాది. పోదామా, వద్దా?"

సొరంగం చిన్నదే. మధ్యలో మలుపు ఉండటంతో అవతలి వెలుతురు కనబడదు. గబ్బిలాల వాసన. పది అడుగులు వేసి వెనక్కి పరుగెత్తుకొచ్చాను. ద్వారం దగ్గర మజ్జిగ అమ్ముకునే ఓబుళమ్మ చూసింది.

"ఏమ్మా, బయమా? నా చెయ్యి పట్టుకో."

"చెయ్యి వద్దవ్వా. అవతల నిలబడి మాట్లాడుతూ ఉండు, చాలు."

ఆమె చుట్టు తిరిగి అవతలికి వెళ్లి కేకేసింది. "రామ్మా! ఈడ మస్తుగా వెలుతురు ఉండాది!"

సెల్‌ఫోన్ వెలుతురు రెండడుగులకు మించి పడలేదు, గోడ తడుముకుంటూ నడిచాను. మలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. అవతల ఓబుళమ్మ తన కోడలి మీద ఏదో చాడీ మొదలుపెట్టింది. అది వింటూ మిగతా అడుగులు వేసేశాను. ఎండ మొహాన కొట్టింది. ఏడుస్తూ నవ్వాను.

"సరే, నాతో సుట్టు తిరిగి రా, మజ్జిగ తాగుదువు" అంది.

"నువ్వు అట్లా రా అవ్వా. నేను ఇట్లా వస్తా" అని మళ్లీ సొరంగంలోకే నడిచాను. ఈసారి ఏ గొంతూ లేదు. అరవై అడుగులు, లెక్కపెట్టుకున్నాను.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ నలభై రెండేళ్లు అది చెప్పినట్టు నేను విన్నాను. ఆ రోజు నేను చెప్పినట్టు అది విన్నది. మీరు వెళ్తే తొమ్మిదిలోపే కోట చేరండి, సెల్‌ఫోన్ వెలుతురును నమ్ముకోక మంచి టార్చిలైటు తీసుకెళ్లండి.