బియ్యం డ్రమ్ములో ల్యాప్‌టాప్

2023 వానాకాలం. నెల్లూరులోని నా ల్యాప్‌టాప్ రిపేరు కొట్టుకి సముద్రం దగ్గరున్న ఇందుకూరుపేట వైపు నుంచి అత్తాకోడళ్లు ఇద్దరు ఆటోలో వచ్చారు. కోడలు సుజాత ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీ తరఫున కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం చేస్తోంది. మాట మధ్యలో ల్యాప్‌టాప్ మొరాయిస్తోందట.

"ఎస్ఎస్‌డీ మార్చేయన్నా, పెద్దది వెయ్యి. సోమవారం గూడా ఆగిపోతే ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు," అంది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

ఎస్ఎస్‌డీ అంటే ఫైళ్లన్నీ దాచుకునే భాగం. అది నిండినా, పాడైనా పని నత్తనడకే. అందుకే మిషను నెమ్మదిస్తే చాలు, జనం దాని మీద పడతారు. ఆ తొందరంటే నాకు ఒళ్లుమంట.

"జ్వరమొస్తే గుండె మార్చమంటావా తల్లీ? ముందు చూడనీ," అన్నాను.

పరీక్షిస్తే ఎస్ఎస్‌డీ నిక్షేపంలా ఉంది, సగం ఖాళీ కూడా. కానీ కాసేపు నడిపేసరికి ల్యాప్‌టాప్ అడుగు పెనంలా కాలిపోయింది. అంత వేడెక్కితే లోపల పనంతా చేసే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. స్క్రూలు విప్పి చూద్దును గదా, ఫ్యాను నిండా తవుడు! సముద్రపు చెమ్మకి ముద్దకట్టింది.

"ఇదేందమ్మా, దీంతో బియ్యం చెరిగినారా?" అని గదిమాను. సుజాత తెల్లబోయింది. అత్త రమణమ్మ గారు బల్ల మీద నుంచి లేచి వచ్చారు.

"నేనే అబ్బయ్యా. సుజాత పడుకున్నాక బియ్యం డ్రమ్ములో పెట్టి, తెల్లారి తీసి తుడుస్తా. మా ఊరి ఉప్పుగాలి ఇనుమునే తినేస్తాది. పోయినేడు ఫోను తడిస్తే బియ్యమే గదా బతికించింది! మా ఇంటికి జీతం తెచ్చేది ఇదొక్కటే నాయనా. నేనే పాడుచేసినానా?"

నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. కుర్చీ లాగి ఆవిడను కూర్చోబెట్టాను. సుజాత మొదట కోపంగానే చూసింది. "ఒక్కమాట చెప్పుంటే బాగుండేది గదత్తా," అని అంతలోనే ఏడ్చేసింది.

ఎస్ఎస్‌డీ మార్చలేదు. ఫ్యాను శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు కొత్తగా రాశాను. చాలాసేపు కాల్ నడిపినా ఎక్కడా ఆగలేదు. బియ్యం వద్దనీ, చెమ్మ పీల్చే పొట్లాలు వేసి మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టమనీ రమణమ్మ గారికే చెప్పాను.

మిషన్లు నిర్లక్ష్యంతోనే కాదు, ప్రేమతోనూ పాడవుతాయని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎవరు ఏ భాగం మార్చమన్నా, ఇంట్లో దాన్ని ఎవరు చూసుకుంటారని ముందు అడుగుతాను.

వెళ్లేటప్పుడు రమణమ్మ గారు ఇక దాన్ని ముట్టనే ముట్టనని దూరంగా నిలబడ్డారు. సుజాత ఆవిడను ఆటో ఎక్కించి, ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్లో పెట్టింది.

"నువ్వే పట్టుకో అత్తా. నీ దగ్గరైతేనే నాకు ధైర్యం."