చెవి మేస్త్రీ సోడా డబ్బా

మా మామగారిని ఫ్యాక్టరీలో అందరూ చెవి మేస్త్రీ అనేవారు. మాత్రలకు పూత వేయడం ఆయన పని. బానంత స్టీలు పాత్ర ఏటవాలుగా తిరుగుతూ ఉంటుంది, అందులో వేల మాత్రలు దొర్లుతుంటాయి. పైనుంచి పూత చల్లుతూ వేడిగాలి కొట్టాలి. పూత తడిగా ఉన్నంతసేపూ మాత్రలు ముద్దగా, బరువుగా దొర్లుతాయి. ఆరితే గలగలమంటాయి. ఆ తేడా పట్టడానికి మీటర్లు వచ్చినా, ఆయన తల ఊపితే తప్ప పాత్ర ఆపేవారు కాదు. అరవై దాటినా ఆయన్ని పనిలో ఉంచుకున్నది ఆ చెవుల కోసమే.

ముప్పై ఏళ్లు పాత్ర ముందు నిలబడి ఆయన మోకాళ్లు అరిగిపోయాయి, మణికట్లు వాచిపోయాయి. ఆయన పూత వేసే నొప్పి మాత్రలే డాక్టరు ఆయనకూ రాశారు. కడుపులో కరగకుండా పేగుల్లోకి వెళ్లాక విచ్చుకునే పూత అది. నొప్పి తగ్గలేదన్నప్పుడల్లా డాక్టరు మోతాదు పెంచారు. మాత్ర వేసుకున్న ప్రతిసారీ మామయ్య గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలుపుకుని తాగేవారు. పూత గదిలో అందరికీ అదే అలవాటు. ఆ వాసనలకు పొట్ట మండుతుందని ఎప్పుడో ఎవరో మొదలుపెట్టారు.

"మీరు వేసిన పూత మీద మీకే నమ్మకం లేదా మామయ్యా?" అన్నాను ఒకసారి.

"పూత మీద ఉంది సైన్సమ్మా, పొట్ట మీదే లేదు" అన్నారు. నేను సైన్సు డిగ్రీ చదివానని అలా పిలిచేవారు.

ఒకరోజు మా రెండేళ్ల పాప ఆయన సోడా డబ్బా మూత తీసి, మూతినిండా తెల్లగా పూసుకుని కూర్చుంది. వేలు పెట్టి నోరంతా కడిగాను. అప్పుడే మామయ్య బీపీ, కాళ్ల వాపు గుర్తొచ్చాయి. బీపీ ఉన్నవాళ్లకు సోడా కూడా ఉప్పుతో సమానం. ఇటు పాపకూ మంచిది, అటు ఆయనకూ మంచిది అనుకుని డబ్బా తీసి బీరువా మీద, పెట్టె వెనక దాచాను.

"అమ్మాయ్, నా డబ్బా ఏది?"

"అయిపోయింది మామయ్యా. డాక్టరు కూడా వద్దంటారు." డాక్టర్ని నేను అడగలేదు.

ఆయన ఉత్త నీళ్లతో మాత్రలు మింగారు.

పది రోజులకు, "వీధిలో ఎవరే ఆ ఈల?" అని పాపను అడిగారు. వీధిలో ఎవరూ లేరు. చెవిలో గుబిలేమోనని నేనే చుక్కలు వేశాను. తర్వాతి వారం ఆయన తల ఊపిన ఒక బ్యాచ్‌లో మాత్రలు జంటలు జంటలుగా అతుక్కుపోయాయి.

"ఏం మేస్త్రీ, మాత్రలకు పెళ్లిళ్లు చేశావా?" అన్నాడట సూపర్‌వైజరు. అందరూ నవ్వారట. ఇంటికొచ్చి నాతో ఒక్కమాటే అన్నారు. "గలగల వినపడట్లేదమ్మాయ్. ఈల ఒక్కటే."

మర్నాడు ఉదయం మాత్రలు వేసుకున్న గంటకు, పరుగెత్తి వచ్చినట్టు రొప్పసాగారు. పాపను చూసి, ఈ పిల్ల ఎవరిదన్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మందుల చీటీ చూసి, "ఈమధ్య ఏమైనా కొత్తగా మొదలుపెట్టారా, మానేశారా?" అంది.

"ఏమీ లేదండీ" అన్నాడు మా ఆయన. సోడాను మా ఇంట్లో ఎవరూ మందనుకోలేదు.

"సోడా మానేశారు" అన్నాను నేను. "నేనే మాన్పించాను."

ఆమె వెంటనే నర్సుకు సెలైన్ చెప్పింది. అందులో కలపమన్నది ఆ సోడానే.

ఇది నేను డిగ్రీలో చదివాను. పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను. మూత్రం ఆమ్లంగా ఉంటే, ఈ మందు మూత్రపిండం వడగట్టినా గోడల్లోంచి మళ్లీ రక్తంలోకి జారుకుంటుంది. క్షారంగా ఉంటే మందు విద్యుదావేశం పుంజుకుంటుంది, ఇక గోడ దాటలేక బయటికి పోతుంది. ఇన్నేళ్లూ ఆయన వేసుకున్న మాత్రల్లో చాలా భాగాన్ని ఆ చెంచాడు సోడానే బయటికి పంపుతూ వచ్చింది. డాక్టరు పెంచిన మోతాదు సోడా తాగే మనిషికి సరిపోయింది. నేను సోడా తీసేశాను. మోతాదు మాత్రం అలాగే ఉండిపోయింది. చెవిలో ఈల, రొప్పు, మనుషుల్ని మరవడం, అన్నీ ఆ మందు ఒంట్లో పేరుకుపోయిన గుర్తులే.

సాయంత్రం రెండోసారి రక్తం పరీక్ష చేస్తే మందు తగ్గకపోగా పెరిగింది. పొద్దున వేసుకున్న మాత్రలు పేగుల్లో ఇప్పుడు విచ్చుకుంటున్నాయంది డాక్టరమ్మ. పూత గట్టిగా ఉందట.

మర్నాడు మామయ్య కాసేపు తెలివిలోకి వచ్చారు. "ఆ బ్యాచ్ ఏం చేశారు?" అని అడిగారు.

"పారబోశారు మామయ్యా." ఈసారి నిజమే చెప్పాను. ఆ తర్వాత డబ్బా సంగతి కూడా చెప్పబోయాను.

"బీరువా మీదుంది కదా. చూశాన్లే" అన్నారు. "పిల్ల నోట్లో పెట్టుకుంటుందని దాచావుగా. అందుకే దించలేదు."

మూడోరోజు మధ్యాహ్నం పోయారు. మా ఆయన డబ్బా గురించి నన్ను ఏమీ అడగలేదు. ఇప్పటికీ అడగడు. అది బీరువా మీదే ఉంది.