పొద్దుటిదాకా వెళ్ళొద్దన్నాను

కేక్ మీద నువ్వు ఊదేసిన కొవ్వొత్తి వాసనకి మా నాన్న, అంటే మీ ముత్తాత, గుర్తొచ్చారురా. నా చిన్నప్పటి సంగతులు అడిగావుగా, రాసుకో. అప్పుడు అమెరికాలో, సన్నీవేల్‌లో ఉండేవాళ్ళం, నాకు ఏడేళ్ళు. నాన్నకి హెర్మెటిక్ సాధన అని, పాశ్చాత్యుల పాతకాలపు ధ్యాన పద్ధతి, దాని పాఠాలు నెలనెలా పోస్టులో వచ్చేవి. భోజనమయ్యాక కొవ్వొత్తి వెలిగించి, కళ్ళు మూసుకుని, ఆ రోజు జరిగినదంతా సాయంత్రం నుంచి పొద్దుటిదాకా వెనక్కి గుర్తుచేసుకునేవారు.

ఒకరోజు స్కూల్ దగ్గర కారు దిగుతూ, ఫ్రెండ్స్ చూస్తున్నారని సిగ్గేసి, ఆయనెవరో అన్నట్టు "థాంక్యూ అంకుల్" అనేశాను. నాన్న చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. వినబడలేదనుకున్నాను. కానీ ఆ సాయంత్రం భయం పట్టుకుంది. నాన్న అలా గుర్తుచేసుకుంటూ వెనక్కి వెళ్తూ వెళ్తూ స్కూల్ దగ్గరికొస్తే, ఈసారి వినబడిపోదూ?

"నాన్నా, ఎందాకా వచ్చావు?"

"లంచ్ దాకా."

"మంచినీళ్ళు కావాలి."

తెచ్చిచ్చి మళ్ళీ కూర్చున్నారు.

"ఇప్పుడు?"

"ఆఫీస్ పార్కింగ్ దాకా. కూర్చోనీవే తల్లీ."

"అక్కడే స్టాప్ చెయ్యి నాన్నా," అని ఏడ్చేశాను.

ఆయన కళ్ళు తెరిచారు. "అంకుల్ అన్నావు, అదేగా? పొద్దున్నే వినబడింది. ఇందులో నీ తప్పు వెతకనమ్మా, నాది వెతుక్కుంటాను. ఇందాక మీ అమ్మ మీద ఊరికే విసుక్కున్నాను. ఆ కోపం ఎక్కడ మొదలైందా అని చూస్తున్నాను."

లేచి వంటింట్లోకి వెళ్ళి అమ్మకి సారీ చెప్పారు.

ఇప్పుడు నేనూ అప్పుడప్పుడు అలా కూర్చుంటాను. మీ తాతయ్య తప్పులు చకచకా కనబడతాయి. నావి దొరకడానికే టైమ్ పడుతుంది.