సగం చేను పందెం

మొక్కజొన్న సుంకు మీద ఉన్నప్పుడు పొద్దున్నే చేలోకి దిగితే భుజాల మీద పసుప్పచ్చటి పుప్పొడి రాలుతుంది. ఆ పచ్చి వాసన తగిలినప్పుడల్లా నాకు రత్నకుమారి గారు గుర్తొస్తారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆవిడ మా మండలానికి వ్యవసాయాధికారి. పర్చూరు దగ్గర మా ఊరు. ఆవిడేమో మిరపకోతకు కూలికెళ్ళే తల్లి పెంచి, చర్చి బళ్ళో చదివించిన మనిషి. మొహమాటమనేది ఆవిడ దరిదాపులకు వచ్చేది కాదు. గట్టున నిలబడి మాట్లాడితే పక్క చేలో కొంగలు లేచేవి.

అప్పటికి పత్తి మమ్మల్ని ముంచేసింది. ముందటేడు వరి కోసిన మాగాణిలో మొక్కజొన్న వేస్తే పొత్తులు గింజల్లేక సగం బోసిగా వచ్చాయి. ఈ ఏడూ అంతే అయితే పొలం కౌలుకిచ్చి నన్ను చీమకుర్తి గ్రానైట్ పనికి పంపేస్తానన్నాడు నాన్న. నాకు పొలం తప్ప మరో పని మీద మనసే లేదు.

మా వైపు ఒక అలవాటుంది. గట్టు మీద గోనెపట్టా పరిచి డీఏపీ ఎరువు, జింకు అన్నీ కలిపి ఒకే ఊపులో చల్లేస్తాం. కూలి కలిసొస్తుందని ఆశ. ఆవిడ ఆ పట్టా చూసి తల పట్టుకున్నారు. డీఏపీలోని భాస్వరం జింకును పట్టేసుకుంటుందని, వేరుకు అందనివ్వదని, దేనికది విడిగా వేయాలని చెప్పారు. నాన్న వింటేనా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. "మట్టిలో కలిశాక అవి కొట్టుకుంటాయా అమ్మా?" అన్నాడు. చివరికి పందెం కుదిరింది. సగం చేను నాన్న పద్ధతి, సగం ఆవిడ పద్ధతి.

మొక్క మోకాలెత్తుకు వచ్చేసరికి నాన్న సగంలో లేతాకుల మీద తెల్లటి చారలు తేలాయి. ఆవిడ మాటే నిజమైందని నాకు పండగే. ఆవిడ మాత్రం మర్నాడే జింకు పొట్లాలతో దిగి, స్ప్రేయరు తెమ్మన్నారు. ఇప్పుడు పిచికారీ చేస్తే మనం గెలిచినట్టెలా తెలుస్తుందండీ అని అడ్డం పడ్డాను.

"ఏమయ్యా శ్రీనూ, నీ పందెం కోసం మొక్క ఆగుతుందా? ఇప్పుడు జింకు అందకపోతే రేపు సుంకులో జీవముండదు, గింజ కట్టదు. ట్యాంకు ఎత్తు."

ఎత్తాను. ఆకులు తేరుకున్నాక మళ్ళీ వచ్చి ఇంకోసారి కొట్టించారు.

కోతకొచ్చాక రెండు సగాల్లోనూ పొత్తులు నిండుగా ఉన్నాయి. ఆవిడ సగంలో కాస్త బరువెక్కువ, అది తెలిసినవాడికే తెలుస్తుంది. నాన్న టీకొట్లో మీసం దువ్వాడు, కలిపి చల్లినా ఏమీ కాలేదని. కౌలుకు అడిగినవాళ్ళకు మాత్రం మావాడే చేసుకుంటాడని చెప్పి పంపేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ఆవిడ ఆఫీసుకెళ్ళి, మీరు కాపాడిన పంటకు ఆయన గొప్పలు చెప్పుకుంటున్నాడని వెళ్ళగక్కాను. ఆవిడ నింపాదిగా విన్నారు.

"పొలం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనేనండి."

"మరింకెందుకయ్యా ఏడుపు?"

నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్ళూ తడిశాయి. గెలిచే పందేన్ని నా పొలం కోసం వదిలేసుకున్న మనిషిని అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు.

ఇప్పుడు ఊళ్ళో ఎవరి చేలో లేతాకు తెల్లబడినా నాకే కబురొస్తుంది. ముందు పిచికారీ చేద్దాం, తప్పెవరిదో తర్వాత మాట్లాడుకుందాం అంటాను. పంట చేతికొచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను.