కాలని ఇళ్ళకు సంతాపం

మా వైరింగు మాస్టారు ఇంకా కాలని ఇళ్ళకు సంతాపం చెప్పేవారు.

ఎవరైనా ఒకరింటికి వెళ్తే చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగి, కుశలం అడుగుతారు. మాస్టారు మాత్రం తిన్నగా స్విచ్‌బోర్డు దగ్గరికి నడిచేవారు. పసిపిల్లకు జ్వరం చూసినట్టు కుడిచేతి వెనకభాగం దాని మీద ఆనించి, కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టేవారు. తర్వాత ఇంటాయన చేతులు రెండూ పట్టుకుని, ఆసుపత్రి వరండాలో మాట్లాడే గొంతుతో "ధైర్యంగా ఉండండి" అనేవారు. అంతే. ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఒకసారి తోటి మాస్టారి కూతురి పెళ్ళికి వెళ్ళారు. హాలంతా రంగు దీపాలు. మాస్టారు గుమ్మంలోనే ఆగి పైకి చూశారు, కిందికి చూశారు, దీపాలన్నింటికీ కరెంటు మోస్తున్న ఒకే ఒక్క సన్నవైరును చూశారు. గబగబా వెళ్ళి పెళ్ళికూతురి తండ్రి చేతులు పట్టుకున్నారు.

"ధైర్యంగా ఉండండి."

ఆ తండ్రి మొహం పాలిపోయింది. "ఏమైంది? పెళ్ళికొడుకు పారిపోయాడా?"

"పెళ్ళికొడుకుదేముంది, ఇవాళ కాకపోతే రేపు దొరుకుతాడు. ముందు ఆడవాళ్ళనీ పిల్లల్నీ తలుపు దగ్గరగా కూర్చోబెట్టండి."

పెళ్ళికూతురి తల్లి అక్కడే కూలబడింది. పెళ్ళికొడుకు విడిదిలో టిఫిన్ తింటున్నాడని తేలడానికి పావుగంట పట్టింది. దీపాలవాడు వచ్చి, చీవాట్లు తిని, వైరు మార్చడానికి ఇంకో పావుగంట. పెళ్ళి సజావుగానే జరిగింది. ఆ ఇంటివాళ్ళు మాత్రం తర్వాత ఏ శుభకార్యానికీ మాస్టారిని పిలవలేదు.

నేను ఆయన దగ్గర శిక్షణకు చేరేనాటికి నాకు ముప్పై ఆరేళ్ళు. పదకొండేళ్ళు చొక్కాలకు బొత్తాలు కుట్టే మిషను తొక్కాను. ఒక సోమవారం వెళ్ళేసరికి ఫ్యాక్టరీకి తాళం వేసి ఉంది. మా ఆయన లారీ తోలతాడు, నెలకు పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఇంట్లో నేనూ, మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యా. ఆర్నెల్ల ఉచిత శిక్షణ, ఆడవాళ్ళు కూడా చేరవచ్చు అని బోర్డు చూసి చేరాను. మొత్తం ఎనిమిది మందిమి. పాత వెల్డింగు పనివాడు మీసాలాయన మా అందరికీ పెద్ద.

మొదటి రోజే మాస్టారు మమ్మల్ని వరసగా చూసి నిట్టూర్చారు. "ఎనిమిది మంది. ఒక్కొక్కరు వంద ఇళ్ళకు వైరింగు చేస్తారు. ఎనిమిది వందల ఇళ్ళు." మళ్ళీ నిట్టూర్చారు. "ఎనిమిది వందల సంసారాలు. పాపం, వాళ్ళకింకా తెలీదు."

పాఠం మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుండేది. "వైరు సైజంటే రాగి తీగను అడ్డంగా కోస్తే కనబడే మొహం వైశాల్యం. చదరపు మిల్లీమీటర్లలో చెబుతాం. దీపాలకీ ఫ్యాన్లకీ ఒకటిన్నర. మామూలు ప్లగ్గులకి రెండున్నర. నీళ్ళు కాచేవాటికీ, గది చల్లబరిచేవాటికీ నాలుగు. మీటరు నుంచి ఇంట్లోకొచ్చే పెద్ద దారికి ఆరు. ఇది మామూలు ఇంటి మాట. దూరం ఎక్కువైనా, ఒకే గొట్టంలో వైర్లు కిక్కిరిసినా ఇంకో మెట్టు పైకెక్కండి."

మీసాలాయన వైరును ప్లాస్టిక్ తొడుగుతో సహా కొలిచి "నాలుగు" అన్నాడు.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. "నాయనా, కోటు లావు చూసి మనిషి లావనుకుంటే ఎలా? లోపలున్నది ఒకటిన్నర. నువ్వు నాలుగనుకుని దీనికి నీళ్ళు కాచే పెట్టె తగిలించావు. ఆ ఇంట్లో ఎంతమంది?"

"ఏ ఇంట్లో మాస్టారూ?"

"నువ్వు తగలెట్టిన ఇంట్లో."

మీసాలాయన తల దించుకున్నాడు. "నలుగురనుకుందాం మాస్టారూ."

"నలుగురు" అని మాస్టారు ఒక నిమిషం మౌనం పాటించారు. మేమూ పాటించాం.

మూడోవారంలో ఎంసీబీ పాఠం వచ్చింది. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పోతుంటే తనంతట తానే పడిపోయే స్విచ్చు అది. "ఇది వైరుకి కాపలా కుక్క" అన్నారు మాస్టారు. "మాటిమాటికీ మొరుగుతోందంటే దొంగ ఉన్నట్టు. కొంతమంది మహానుభావులు కుక్కను తీసేసి గుర్రాన్ని కడతారు. పది ఆంపియర్లది తీసి ముప్పైరెండుది పెడతారు. ఇక మొరగదు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. గోడలో వైరు మాత్రం ఎవరికీ చెప్పకుండా ఉడుకుతుంది."

అందరూ నవ్వారు. నాకు మాత్రం మా ఇంటి బోర్డు గుర్తొచ్చింది.

మేం అద్దెకున్న కింది వాటాలో జరిగింది అక్షరాలా అదే. నీళ్ళు కాచే పెట్టె, ఇస్త్రీపెట్టె ఒకేసారి వేస్తే ఎంసీబీ పడిపోతోందని నేనే పైవాటాలో ఉండే ఇంటాయనకు చెప్పాను. ఆయన మర్నాడే ఎవరినో తెచ్చి పెద్దది పెట్టించాడు. "చూడమ్మా, ఇక జన్మలో పడదు" అన్నాడు. నేను దణ్ణం కూడా పెట్టాను. ఇప్పుడు వెళ్ళి ఆ మూత విప్పి చూస్తే ముప్పైరెండు. దాని వెనకున్న వైరు సైజు దీపాలకు కూడా సరిపోని ఒకటి. బోర్డు పక్కన గోడ గోరువెచ్చగా ఉంది.

ఇంటాయనను బతిమాలాను. "ఇరవై రెండేళ్ళుగా లేని బాధ ఇప్పుడెందుకొచ్చింది? నాలుగు పాఠాలు విని నాకు చెబుతావా? నచ్చకపోతే ఖాళీ చెయ్యి" అన్నాడు. అంత తక్కువ అద్దెకు ఆ ఊళ్ళో కోళ్ళగూడు కూడా దొరకదు. మా ఆయనకు ఫోన్ చేస్తే, "వచ్చాక చూద్దాంలే" అన్నాడు. ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

ఆనాటి నుంచి నాకు ప్రాణం ప్రాణంలో లేదు. పొద్దున్నే ప్లగ్గులన్నీ పీకేసి బయల్దేరేదాన్ని. సగం దారిలో అనుమానం వచ్చి వెనక్కి పరిగెత్తేదాన్ని. క్లాసులో కూర్చున్నా మనసు ఆ గోడ మీదే. అత్తయ్య తనంతట తాను వేడినీళ్ళు పెట్టుకుందేమో, స్విచ్చు కట్టెయ్యడం మరిచిపోయిందేమో, మోకాళ్ళతో ఆవిడ తలుపుదాకా ఎన్ని అడుగులు వేయగలదు? లెక్కవేస్తే ఎప్పుడూ రెండడుగులు తక్కువయ్యేవి. నేర్చుకున్న విద్య పనికొచ్చేది భయపడడానికొక్కటే అని తేలిపోయింది. తెలియక ముందు హాయిగా నిద్రపోయాను కదా అనిపించేది.

పరీక్షల్లో నా జవాబులు అధ్వానంగా తయారయ్యాయి.

"తల్లీ, పడగ్గది దీపానికి ఏ వైరు?"

"నాలుగు మాస్టారూ."

"ఫ్యానుకి?"

"ఆరు."

క్లాసంతా ఘొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. "పిల్లిని కట్టడానికి ఏనుగు గొలుసు తెచ్చావా తల్లీ?" అని నా కాగితం మీద గుండుసున్నా చుట్టి, చాలాసేపు నాకేసి చూశారు. ఇక నాకు ఆశ లేదని అర్థమైంది. మర్నాటి నుంచి వెళ్ళడం మానేశాను.

మూడోరోజు సాయంత్రం మాస్టారు మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. నేను నోరు తెరిచేలోగా బోర్డు దగ్గరికి వెళ్ళి చెయ్యి ఆనించారు. పది దాకా లెక్కపెట్టలేదు, నాలుగుకే చెయ్యి తీసేశారు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, మెయిన్ కట్టేసి, మూత విప్పి చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మంచం మీద నుంచి అత్తయ్య ఆయన మొహం చూసింది. ఆవిడకు ఒకరి దుఃఖం చూస్తే ఆగదు. "అయ్యో నాయనా, వచ్చి కూర్చో. మీ ఇంట్లో ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా."

"మగవాళ్ళు అలాగే లోపల దాచుకుంటారు. ఏడిస్తే తప్పు లేదు నాయనా."

ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ సంతాపం చెప్పిన మనిషికి ఎవరైనా సంతాపం చెప్పడం అదే మొదటిసారి. ఆయన ఏం చేయాలో తోచక అత్తయ్య మంచం పక్కన కుర్చీలో కూర్చుని, పావుగంట సేపు ఓదార్పు పొందారు. వెళ్ళేముందు ముప్పైరెండు తీసేసి పది పెట్టారు. "ఇది పడిపోతే పడనీ. వేడినీళ్ళు పొయ్యి మీద పెట్టుకోండి" అన్నారు.

మర్నాడు ఇంటాయన వచ్చి ఆ పది పీకేసి మళ్ళీ ముప్పైరెండు పెట్టాడు. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత ఏడుపు గొంతుతోనే మాస్టారికి ఫోన్ చేశాను. "సరే తల్లీ. ఆయన సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాడా?" అని మాత్రం అడిగారు.

ఆ సాయంత్రం ఆరింటికి మాస్టారు పైవాటాకు వెళ్ళారు. అక్కడ ఏం జరిగిందో ఇంటాయన భార్యే తర్వాత నాకు చెప్పింది.

మొదటిరోజు టీ తాగి, గోడలు నిమిరి, "ఈ ఇంటికి ఎన్నేళ్ళండీ?" అన్నారట.

"ఇరవై రెండు."

"చిన్న వయసు" అని లేచి వచ్చేశారట.

రెండోరోజు గోడ మీద కుటుంబం ఫొటో చూసి, "ఎంత బాగున్నారో. దీని కాపీ ఇంకొకటి మీ చుట్టాలింట్లో పెట్టుకోండి" అన్నారట. మూడోరోజు, "పైనుంచి కిందికి ఈ మెట్లు ఒక్కటేనా?" అని అడిగి, ఒక్కటేనని చెబితే తల పంకించి, టీ కూడా తాగకుండా ఇంటాయన చేతులు పట్టుకుని ధైర్యం చెప్పి వచ్చారట. నాలుగోరోజు ఆవిడ పైవాటాలో ఫ్రిజ్జుతో సహా అన్నీ కట్టేసి, చంటి మనవణ్ణి కోడలితో సహా ఆమె పుట్టింటికి పంపేసింది. ఐదోరోజు మాస్టారు మెట్లెక్కే చప్పుడు వినగానే ఇంటాయన ఎదురొచ్చేశాడు.

"మహాప్రభో, ఆపండి! వైరు నేనే తెస్తాను. కూలి ఎంతవుతుందో చెప్పండి."

"కూలి అక్కర్లేదు. మా వాళ్ళు ఎనిమిది మంది చివరి పరీక్ష రాయాలి. మీ గోడ మీద రాస్తారు."

ఆదివారం పొద్దున్నే అందరూ దిగారు. గొట్టంలోంచి పాత వైరు లాగుతుంటే దాని తొడుగు మీసాలాయన చేతిలో ఎండుటాకులా పొడైపోయింది. ఒకచోట రెండు తీగలు నగ్నంగా ఒకదాన్నొకటి తాకబోతున్నాయి. మధ్య కాగితమంత సందు. ఇంటాయన ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూసి, మెట్ల మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి, ఎవరూ చెప్పకుండానే మా అందరికీ మంచినీళ్ళు మోయడం మొదలుపెట్టాడు.

నీళ్ళు కాచే పెట్టెకు విడిగా నాలుగు వైరు నేనే లాగాను. ప్లగ్గులకు రెండున్నర, దీపాలకు ఒకటిన్నర. ఒక్కటీ తప్పలేదు.

మధ్యాహ్నం గోడ నీడలో మాస్టారి పక్కన కూర్చుని అడిగాను. "మూడు రోజులు రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చారా మాస్టారూ?"

"రానివాళ్ళ ఇళ్ళకల్లా వెళ్తే నా కాళ్ళేమవ్వాలి?" అన్నారు. "చూడు తల్లీ, అందరూ సన్న వైరు రాసి తప్పుతారు. అది బద్ధకమో పిసినారితనమో. ఫ్యానుకి ఆరు రాసేది పాఠం రాక కాదు. ఇంట్లో గోడ వెచ్చగా ఉండి. నువ్వు సున్నా తెచ్చుకున్న రోజే మీ చిరునామా రాసుకున్నాను."

"మరి ఇంటాయనకు లెక్కలు వేసి చెప్పకుండా ఆ సంతాపాలెందుకు?" అన్నాను.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో లెక్కలే చెప్పేవాణ్ణి. ఎవరూ వినేవారు కారు. ఒక ఇంటికి మాత్రం నిజంగానే పరామర్శకు వెళ్ళాల్సొచ్చింది." వైరు ముక్కను సరిచేస్తూ కూర్చున్నారు. "అప్పట్నుంచి ముందుగానే వెళ్ళొస్తున్నాను. అప్పుడైతే వాళ్ళంతా ఇంట్లోనే ఉంటారు."

సాయంత్రానికి పని పూర్తయింది. ఫ్యాను, దీపాలు, ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే పెట్టె అన్నీ ఒకేసారి వేశాం. గంటసేపు చూశాం. గోడ చల్లగానే ఉంది. అత్తయ్య వేడినీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని మమ్మల్ని దీవిస్తోంది. మాస్టారు మార్కుల కాగితం తీసి, నా పేరు పక్కన అరవై ఒకటి వేశారు.

"తప్పేం చేశాను మాస్టారూ?"

"ఏమీ లేదు. మిగతా ముప్పైతొమ్మిదీ ఇస్తే రేపట్నుంచి స్క్రూలు వదులుగా బిగిస్తావు."

బకెట్టులోంచి అత్తయ్య గయ్‌మంది. "ఆ ముప్పైతొమ్మిదీ ఇంటికి పట్టుకెళ్ళి ఏం చేసుకుంటావయ్యా? పిల్ల పొద్దుట్నుంచి ఒక్క ముద్ద నోట పెట్టలేదు. ఇచ్చెయ్!"

మాస్టారు అత్తయ్య కేసి చూశారు. గోడ కేసి చూశారు. ఆస్తి రాసిచ్చేవాడిలా బరువుగా కలం తీసి, అరవై ఒకటి కొట్టేసి, అరవై రెండు చేశారు.

ముప్పై ఏళ్ళలో ఆయన ఎవరికైనా వేసిన మార్కుల్లో అదే ఎక్కువట. మీసాలాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు.