జెబెల్ అఖ్దర్ హోటల్ పాత ఫొటోల గదిలో బాపు చూసిన మంచు

మా బాపు విజిట్ వీసా మీద నా దగ్గరికి మస్కట్ వచ్చినప్పుడు సముద్రం, పెద్ద మసీదు, మాల్స్ అన్నీ తిప్పాలనుకున్నాను. ఆయన మాత్రం వచ్చిన మర్నాడే ఒక్కటి అడిగాడు: "బిడ్డా, గా గుట్ట మీదికి ఒక్కసారి తీస్కపోతవా?" గుట్ట అంటే జెబెల్ అఖ్దర్, ఒమన్‌లో బాగా ఎత్తయిన కొండ. నేను పుట్టకముందు అక్కడ ఒక హోటల్ కడుతుంటే బాపు కూలీగా పనిచేశాడు. జగిత్యాల దగ్గర మా ఊరికి తిరిగొచ్చాక, ఆ గుట్ట మీద ఒకనాడు మంచు పడిందని, పొద్దున లేచేసరికి లోకమంతా తెల్లగా ఉందని చెప్పాడట. గల్ఫ్ ఎండల్లో మాడి వచ్చిన తోటివాళ్లెవరూ నమ్మలేదు. 'మంచు లింగన్న' అన్న పేరు మిగిలింది. ఊళ్లో ఎవరు గొప్పలు పోయినా "నీది లింగన్న మంచు లెక్కున్నది" అనేవారు. నాకు ఊహ తెలిసేనాటికే బాపు ఆ ముచ్చట ఎత్తడం మానేశాడు.

ఆ హోటల్ ఇప్పటికీ నడుస్తోంది. కట్టినప్పటి ఫొటోలు, నక్షాలు, పాత సామాను ఒక గదిలో భద్రంగా పెట్టారని మా స్కూల్లో తోటి టీచర్ చెప్పింది. రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే, శుక్రవారం తప్ప ఏ రోజైనా పొద్దున రమ్మన్నారు. శనివారం పొద్దున ఏడింటికి మస్కట్‌లో మేముండే ఘుబ్రా నుంచి బయల్దేరాం. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని డ్రైవర్‌తో సహా రోజుకు నలభై అయిదు రియాళ్లకు మాట్లాడుకున్నాం. డ్రైవర్ ఖాదర్ భాయ్‌ది కడప. "చిన్న కార్లయితే పోలీసోళ్లు కిందనే ఆపేస్తారు మేడమ్," అన్నాడు. తర్వాత బాపు పల్చటి చొక్కా చూసి, "పైన చలి బో ఉంటాది పెద్దాయనా, స్వెటర్ తెచ్చుకుండారా?" అని అడిగాడు. బాపు నవ్వాడు. "గా చలి సంగతి నాకెర్కే."

నిజ్వా హైవే మీద గంటన్నర పోయాక బిర్కత్ అల్ మౌజ్ వస్తుంది. ఖర్జూర తోటల మధ్య చిన్న దుకాణంలో పరాటా తిని, చిక్కటి కరక్ చాయ్ తాగి చెక్‌పోస్టు దాటాం. అక్కడినుంచి ముప్పావు గంట ఎక్కుడే. మలుపు తిరిగినప్పుడల్లా కింద లోయ ఇంకొంచెం లోతుకు జారిపోతుంది. రాతి పొరలు నిలువునా చీలి, అడుగు కనిపించనంత దూరంలో నీడగా కలిసిపోయాయి. నా కళ్లు ఆ లోయ మీదే. బాపు మాత్రం కిటికీకి నుదురు ఆనించి రోడ్డునే చూస్తున్నాడు. "గప్పుడు గీ డాంబర్ రోడ్డు యాడిది? లారీల సిమెంటు బస్తాల మీద కూసోని, పానం అరచేతుల వెట్టుకొని ఎక్కేటోళ్లం," అన్నాడు.

హోటల్ కొండ అంచున ఉంది. పాత ఫొటోల గది చూసుకునే హమూద్ గారు మమ్మల్ని లోపలికి తీసుకెళ్లారు. తెల్లటి పొడుగు అంగీ, తలమీద కుట్టుపని టోపీ, ధారాళమైన హిందీ. గది చిన్నదే. లోపలున్నది మాత్రం ఒక కొండ జీవితం. ఫొటోల్లో గాడిదల మీద నీళ్లు మోస్తున్న ఊరివాళ్లు, హోటల్ మొదటి గోడ; పక్కనే ఇత్తడి తాళంచెవులు, రంగు పోయిన బోర్డు. ఇంజనీర్ల నీలం నక్షాలు గోడ పొడవునా వేలాడుతున్నాయి. ఇప్పుడు నేను నిలబడ్డ నేల ఒకప్పుడు ఉత్త రాయి.

బాపు ఒక ఫొటో ముందు ఆగిపోయాడు. నేను పక్కకు వెళ్లి చూశాను.

సగం లేచిన గోడలు. వాటి మీద, మెట్లు మెట్లుగా ఉన్న పొలాల మీద, ఆకు రాలిన దానిమ్మ కొమ్మల మీద తెల్లగా, మెత్తగా మంచు. ముందు వరసలో కంబళ్లు కప్పుకున్న పనివాళ్లు. బాపు వేలు గాజుకు తగలకుండా గాలిలో ఆగింది.

"గీడ నేనే."

ముఖం కంబళిలో దాగి సరిగ్గా కనపడదు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. వాటికి సిమెంటు సంచులు చుట్టి తాడుతో కట్టి ఉన్నాయి.

నేను హిందీలో సంగతంతా చెప్పాను. హమూద్ గారు రుజువేమీ అడగలేదు. బాపు చేయి రెండు చేతుల్లోకి తీసుకుని, "ఫొటో మా దగ్గరుంది, ఇందులో ఉన్నవాళ్లు ఎవరో చెప్పేవాళ్లే లేరు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి, రికార్డు చేసి దాచుకుంటాం," అన్నారు. హిందీలోనా అని బాపు అడిగాడు. మీ భాషలోనే అన్నారాయన.

బాపు గొంతు సవరించుకున్నాడు. "నా పేరు లింగయ్య. గా పొద్దుగాల తలుపు తీస్తే బయట భూమి లేదు..." అని మొదలుపెట్టాడు. ఇన్నేళ్లు మింగేసిన ముచ్చట, ఒక్క తెలుగు ముక్క రాని మనిషి ముందు, అడ్డు లేకుండా వచ్చింది. హమూద్ గారు ఆసాంతం కళ్లార్పకుండా విన్నారు.

బయటికొచ్చాక ఖాదర్ భాయ్ సంగతంతా విని, నేను సెల్‌లో తీసుకున్న ఆ ఫొటో చూసి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి పెద్దాయనా! అందరి నోళ్లూ మూతపడతాయి."

బాపు లోయలోకి చూశాడు. "నవ్వినోళ్లల్ల శానమంది పోయిండ్రు భాయ్. ఎవలకు సూపెట్టాలె? మీ అమ్మకు ఒక్కదానికి పంపు బిడ్డా."

పంపాను. అమ్మ వెంటనే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి బాపుకిచ్చాను. మంచు గురించి ఒక్క మాట అడగలేదు.

"కాళ్లకు గా సంచులేందయ్యా? చెప్పులు గూడ లేకుండెనా నీకు? నాకెన్నడు చెప్పకపోతివి," అంది. బాపు ఫోన్ నా చేతికిచ్చి అటు తిరిగాడు.

ఆ కొండ అంచున నిలబడితే మనిషి ఎంత చిన్నవాడో తెలుస్తుందంటారు. నాకు మాత్రం ఆ రోజు, ఆ రాళ్లమీదికి బస్తాలు ఎక్కించిన మనుషులే కొండకన్నా పెద్దగా కనిపించారు. హోటల్లో ఉండబోయేవాళ్లు కిటికీలోంచి లోయను తప్పకుండా చూడండి, గోడ మీది ముఖాలను కూడా చూడండి. వెళ్లేముందు ఒక్క మాట: ఇలాంటి గదుల గురించి బోర్డులుండవు. ముందురోజే ఫోన్ చేసి పొద్దున పూట వెళ్తామని చెబితే, తాళం తీసి దగ్గరుండి చూపించే మనిషి దొరుకుతాడు.